సులోచనక్క రెండో తెర

మొన్న పుత్తూరు బజారులో జిరాక్స్ తీయించుకుందామని ఒక చిన్న దుకాణంలోకి వెళ్ళాను. అక్కడ బల్ల మీద పాతకాలపు ఉబ్బు మానిటర్ ఒకటి ఇంకా బతికే ఉంది. దుకాణదారు మీట నొక్కగానే లోపల టంగుమని మోగింది, కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చింది సులోచనక్క కాదు, ఆమె మీద నేను పెంచుకున్న కుళ్ళు. ఆ తర్వాతే మనిషి గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. తిరుపతిలో లాడ్జీలకు, కల్యాణ మండపాలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న ఆఫీసులో నేను పనిచేసేదాన్ని. నాకు పని నేర్పింది సులోచనక్కే. ఆమె మాత్రం ఆఫీసుకు వచ్చేది కాదు. అలిపిరి పోయే దారిలో ఒక మిద్దె మీద గదిలో ఒక్కతే ఉంటూ, అక్కడి నుంచే పని చేసి పంపేది. నేనేమో పాలు తాగే బిడ్డను మా అత్త చేతిలో పెట్టి, పుత్తూరు నుంచి రోజూ రైల్లో నిలబడి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నానికి రవిక తడిసి, ఆఫీసులో కొంగు కప్పుకుని కూర్చునేదాన్ని. అక్కకు ఏడ్చే బిడ్డ లేదు, కూరలో ఉప్పెక్కువైందని సణిగే మనిషి లేడు. ఎంత పెట్టి పుట్టిందో అని కడుపు మండేది.

అన్నిటికన్నా మండించింది ఆమె బల్ల. దాని మీద రెండు మానిటర్లు పక్కపక్కనే ఉండేవి. ఆ రోజుల్లో ఒక్కటి ఉంటేనే గొప్ప. ఏదో సందేహం తీర్చుకుందామని వెళ్తే చాలు, కాఫీ ఇచ్చి, రెండో మానిటర్‌ను నా వైపు తిప్పి, మౌస్ నా చేతికిచ్చేది. "ఇది కొత్తగా రాసినానుమే, కాస్త నొక్కి సూడు," అనేది. నేను నొక్కుతుంటే నా మొహంలోకి చూస్తూ కూర్చునేది. తన గొప్ప చూపించుకుంటోందని లోపల పళ్ళు నూరుకునేదాన్ని. పైగా పని లేకపోయినా, "శనివారం ఒక అడుగు ఇట్లొచ్చి పోరాదా?" అని ఫోను చేసేది. ఇంకా ఏం చూపించాలనో అనుకుంటూ వెళ్ళేదాన్ని.

నేనూ ఇంటి నుంచే పని చేస్తానని ఒకరోజు మా యజమానిని అడిగాను. ఆయన నవ్వాడు. "సులోచనమ్మ మాదిరి చేసి సూపించమ్మా. కొత్తగా ఒక లాడ్జీ పని వచ్చిండాది, నీకే ఇస్తా ఉండా. కౌంటర్లో వాళ్ళు బాగుండాదంటే నువ్వు ఇంట్లోనే చేసుకో. లేదంటే రైలు ఉండనే ఉండాది," అన్నాడు.

ఆమె మాదిరి అంటే నాకు అర్థమైంది ఒకటే, రెండు మానిటర్లు. పలచటి కొత్తరకం ఒకటి కొనే డబ్బుతో మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ల నుంచి వచ్చిన పాతవి రెండు వస్తాయి. ఎలాంటివి కొనాలో అక్కను అడగొచ్చు. అడిగితే ఆమె ముందు తగ్గినట్టవుతుందని అడగలేదు. రెండూ ఒకే ఎత్తున్నాయా, తెర మిణుకుతోందా అని నాకు తెలిసినంత చూసుకుని, ఇద్దరు మోయాల్సిన బరువును బస్సు టాపు మీద వేయించి ఇంటికి తెచ్చాను. తీరా చూస్తే ఇంట్లో ఉన్న నా కంప్యూటర్ పెట్టె వెనక ఒక్క మానిటర్ వైరుకే చోటుంది. మా ఆయన చూసి, "పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు ఉండాది నీ పని," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ తిరుపతి వెళ్ళి రెండోదానికి కావలసిన కార్డు కొనుక్కొచ్చి బిగించాను.

రెండు తెరల ముందు దర్జాగా కూర్చుని ప్రోగ్రాం రాశాను. లాడ్జీలో పెట్టిన పూటే కౌంటర్ గుమాస్తా దాన్ని పక్కకు నెట్టేశాడు. యాత్రికులు ఒక కుటుంబం వాళ్ళు ఒకే పేరు మీద రెండు గదులు అడిగారు. ఎక్కడ నొక్కాలో అతనికి తెలియలేదు. వెనక గుండు కొట్టించుకుని వచ్చి నిలబడ్డ జనం కేకలు వేశారు. వారంలో సరిచేయకపోతే పని వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు యజమాని.

ఇక అహం చంపుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. "నీ మాదిరే రెండు మానిటర్లు పెట్టుకున్నా గదక్కా, నాకెందుకు రాలేదు?" అన్నాను. గొంతులో ఏడుపుకన్నా కోపమే ఎక్కువ.

"రెండోది యా తట్టు తిప్పినావు?"

"నా తట్టే. ఇంకెవురి తట్టు?"

అక్క నవ్వింది. "రెండోది మనది కాదుమే. ఎదురుగా కూర్చునేవాళ్ళది. నువ్వొచ్చినప్పుడంతా నీ చేతికి మౌసు ఎందుకిచ్చినాననుకున్నావు? నువ్వు యాడ తడబడితే ఆడ మార్చుకుంటా వుంటి."

అంటే ఊరంతా మెచ్చుకున్న ఆమె ప్రోగ్రాములు నా తడబాట్లతో తయారైనవి. నా తడబాటే నాకు పనికిరాకుండా, ఆమెకు అంత పనికొచ్చింది. అంతకుముందున్న కుళ్ళు ఇంకాస్త పెరిగింది.

మరునాడు ఆమే పుత్తూరు వచ్చింది. రెండో మానిటర్‌ను బల్లకు అవతలి వైపు తిప్పి, ఎదురుగా కుర్చీ వేసి, మా అత్తను కూర్చోబెట్టింది. "ఈడ నొక్కితే ఏమైతాదిమే?" అని అత్త భయపడుతుంటే, నేను "అదేంది, అంత సులువు కూడా తెలీదా?" అనబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది. "ఆమెకు తెలీలేదంటే నువ్వు రాసింది బాగలేదని," అంది మెల్లగా. అత్త తర్వాత మా ఆయన, ఆయన తర్వాత పాలు పోసే మంగమ్మ. ప్రతి ఒక్కరూ ఒక్కో చోట ఆగారు. ఆగిన ప్రతిచోటా మార్చాను. ఆ వారంలోనే లాడ్జీవాళ్ళు ఒప్పుకున్నారు.

అక్క వచ్చిన రోజు సాయంత్రం, తిరుగు రైలెక్కే ముందు నా బిడ్డను ఎత్తుకుని స్టేషన్లో నిలబడింది. "ఒక మాట సెప్పనా? నీ మింద నాకు శానా కుళ్ళుమే," అంది.

నేను నమ్మలేదు. "నా మిందనా?"

"పిలిస్తే వచ్చి కూర్చునేదానికి నీకు ఇంటి నిండా మనుషులుండారు. నేను ఆ మానిటర్ తిప్పి పెట్టుకోని, ఎవురన్నా మెట్లెక్కి వస్తారేమోనని వాకిలి తట్టు సూస్తా వుంటాను." బిడ్డను నా చేతికిచ్చి రైలెక్కింది.

నాకు ఇల్లు దక్కింది. బిడ్డ పక్కనే పడుకుంటే పని చేసుకున్నాను. తిరుపతి పోవలసిన అవసరం లేకపోయింది. అక్క గది మెట్లు నేను మళ్ళీ ఎక్కింది చాలా తక్కువ. ఇలా అవుతుందని పుత్తూరు బయల్దేరేటప్పుడే అక్కకు తెలిసి ఉంటుంది. తన దగ్గరికి వచ్చే ఒక్క మనిషీ రాకుండా పోతుందని తెలిసి కూడా వచ్చి నేర్పింది. ఆమె మానిటర్ల మీద కుళ్ళు ఎప్పుడో పోయింది. ఆ మనసు మీద మాత్రం పోలేదు. అంత మనసు నాకెందుకు లేకపోయిందా అని ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను.