అట్టకుర్రాడి సీటు

ఆ చలికాలమంతా వెర్నెట్టా బాయ్‌కిన్స్ ఒక అట్టబొమ్మ కూర్చునే కుర్చీ తుడిచింది. నవ్వొస్తే నవ్వుకోండి, ఆవిడ కూడా నవ్వుకుంటూనే తుడిచేది. బఫెలో ఊరి బాస్కెట్‌బాల్ స్టేడియంలో పై అంతస్తు ఆవిడ ఇలాకా. పసుపు కోటు తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, మంచు బూట్లతో ఎక్కొచ్చే జనం టికెట్లు చూసి సీట్లు చూపించాలి. పగలు స్కూలు బస్సు నడుపుతుంది, ఆట ఉన్న రోజు ఇక్కడికొస్తుంది. మిల్లర్స్ జట్టు గెలుస్తుంటే మెట్ల మీద కూడా చోటు లేని రోజులు చూసింది. ఇప్పుడు ఓడిపోవడమే పనిగా పెట్టుకున్న రోజులు చూస్తోంది.

పనిగా పెట్టుకోవడమంటే ఎగతాళికి అనడం లేదు. యాజమాన్యం రెండేళ్ల కిందట మంచి ఆటగాళ్లందర్నీ తలోదిక్కుకీ సాగనంపి, జట్టుని పునాదుల నుంచి కడుతున్నాం, కాస్త ఓపిక పట్టండి అని ఊరికి చెప్పింది. ఆ ఓపికకి ఒక లెక్కుంది. అందరికంటే అడుగున పడ్డ జట్టుకి, వచ్చే వేసవిలో కాలేజీల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్లలో మేటివాణ్ణి ఏరుకునే అవకాశం ఎక్కువ. ఆ ఏడు మేటివాడు కాన్సస్‌లో ఉన్నాడు. పేరు కార్బిన్ టీల్, వయసు పంతొమ్మిది, చేతులు చాస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వస్తాయని చెప్పుకునేవాళ్లు. వాణ్ణి ఒక్కసారైనా కళ్లారా చూడని ఊరు వాడి మీద మనసు పారేసుకుంది.

బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైన క్యాసిమిర్ డూడెక్ అయితే వాడి ఫొటోని నిలువెత్తున అట్ట మీద అంటించి, కత్తిరించి, నడుం దగ్గర మడిచి, తన పక్క సీట్లో కూర్చోబెట్టేవాడు. సీట్లు ఎలాగూ ఖాళీయే. జట్టు ఓడినప్పుడల్లా అట్టచేతికి తన చెయ్యి తాటించి, "ఇంకొంచెం దగ్గరికొచ్చావు నాన్నా!" అనేవాడు. వెర్నెట్టా ఆ సీటు కూడా తుడిచి, "దొరగారికి ఇంకేమైనా కావాలా?" అనేది. బస్సెక్కిన పిల్లలు నిన్న మళ్లీ ఓడిపోయామని మూతులు ముడుచుకుంటే, ఓడితేనే బాగుపడతామర్రా అని పాఠం చెప్పింది కూడా ఆవిడే.

మార్చిలో ఇద్దరు ఆటగాళ్లకి కాళ్లు నొప్పులొచ్చాయి. ఒకడికి నిజంగానే, రెండోవాడికి యాజమాన్యానికి కావలసినంత. ఖాళీ పూరించడానికి పదిరోజుల ఒప్పందం మీద ఒకణ్ణి పిలిచారు. వాడు డెల్మార్ బాయ్‌కిన్స్. వెర్నెట్టా తమ్ముడు డెల్.

తమ్ముడంటే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాళ్లమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తుంటే, వాడికి అన్నం పెట్టిందీ, మంచులో పార పట్టుకుని బాస్కెట్ కింద చోటు చదును చేసిచ్చిందీ వెర్నెట్టాయే. వాడు పోలెండులో ఆడాడు, టర్కీలో ఆడాడు, డకోటాలో చిన్న లీగులో ఆడాడు. సొంత ఊరి జట్టు మాత్రం ఏనాడూ పిలవలేదు. ముప్పై ఒకటి నిండాయి, ఎడమ మోకాలు మెట్లెక్కుతుంటే కిర్రుమంటుంది. అక్క ఇంటి పై వాటాలో ఉంటూ ఫోను వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ ఫోను మోగిన రోజు గబగబా మెట్లు దిగొచ్చి, "అక్కా, సీజన్ చివరిదాకా ఉంచుకుంటే ఎండాకాలం శిబిరానికి కూడా పిలుస్తారు. ఉంచుకోకపోతే మాత్రం ఈ బూట్లు అటకెక్కించేస్తా. ఇంక నా వల్ల కాదు," అన్నాడు.

ఆ మాట వెర్నెట్టా గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆ వారమంతా ఒక్కచోట నిలవలేకపోయింది. బస్సు నడుపుతూ ఒక స్టాపు దాటేసి, వెనక్కొచ్చి, మంచులో నిలబడ్డ పిల్లల చేత తిట్లు తింది. స్టేడియంలో కిందివాళ్లని పైకీ పైవాళ్లని కిందికీ పంపింది.

మొదటి ఆటలో డెల్ దిగగానే బంతి లాక్కున్నాడు, వేశాడు, పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. చాలా రోజుల తర్వాత మిల్లర్స్ గెలిచింది. స్టేడియంలో లేచిన చప్పుడు వెర్నెట్టా ఎప్పుడూ విననిది. సగం చప్పట్లు, సగం మూలుగు.

డూడెక్ అట్టకుర్రాడి భుజం మీద చెయ్యేసి ఓదారుస్తున్నాడు. "ఎవడు తెచ్చాడు వీణ్ణి?"

"నా తమ్ముడు బాబాయ్ వాడు," అంది వెర్నెట్టా.

"తెలుసు తల్లీ. అందుకే మెల్లిగా తిడుతున్నా."

రెండో ఆటా గెలిచారు. అప్పుడు డూడెక్ ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. ముసలాయన మంచివాడే, కానీ మంచిమాట కూడా మేకు దిగేసినట్టు చెప్తాడు. "చూడు వెర్నెట్టా, జనవరిలో ఒకడొచ్చాడు గుర్తుందా? బంగారంలా ఆడాడు. రెండు ఆటలు గెలిపించాడు. పదిరోజులవగానే టాటా చెప్పేశారు. తర్వాత ఆ హాలమ్ వచ్చాడు. సరస్సు ఒడ్డున నిలబెట్టి సరస్సులోకి బంతి వెయ్యమన్నా గురి తప్పేరకం. వాణ్ణి సీజన్ చివరిదాకా ఉంచుకున్నారు. నువ్వు తెలివైనదానివి, నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లూ బస్సు పిల్లలకి తను చెప్పిన పాఠమే అది. తమ్ముడు ఎంత బాగా ఆడితే అంత త్వరగా ఇంటికొస్తాడు. వెర్నెట్టాకి మింగాలో కక్కాలో తెలియలేదు.

శుక్రవారం ఇద్దరూ వీధి చివరి బారులో చేప తినడానికి వెళ్లారు. ఈస్టర్ ముందు శుక్రవారాలు ఆ ఊళ్లో ఏ మతంవాడైనా చేపే తింటాడు. పళ్లెం పట్టనంత పెద్ద వేపుడు ముక్క, పక్కన క్యాబేజీ. లోపలికి వెళ్లగానే బల్లబల్లకీ ఒకడు లేచి డెల్ వీపు చరిచాడు.

"అబ్బ, ఏం ఆడావురా! ఇంక చాలు నాయనా, ఆపెయ్."

"టీల్ మన చెయ్యి జారితే నీదే పూచీ!"

"వీడికింకో బీరు పొయ్యండి, ఆదివారానికి కాళ్లు తేలిపోవాలి!"

అందరూ నవ్వారు. డెల్ కూడా నవ్వాడు. కానీ వాడి చెయ్యి చేపముక్కని పొడుస్తూనే ఉంది, నోటికి చేరలేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఇలాగే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి వెర్నెట్టాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయింది. వీళ్లంతా మొన్నటిదాకా తను అన్న మాటలే అంటున్నారు మరి.

మర్నాడు పొద్దున డెల్ కాఫీకి కిందికి దిగాడు. వెర్నెట్టా వంటగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

"ఏంటక్కా, కూర్చోవా కాసేపు?"

"ఒరేయ్, ఒకటి చెప్తా, అరవకు."

"నువ్వు అలా మొదలెడితే అరిచే మాటే అయ్యుంటుంది."

"రేపే కదా ఆఖరి రోజు. రేపు కొంచెం..." సింకు వైపు తిరిగి చెప్పింది. "నాలుగు తప్పిపోనీరా. ఎవడికి తెలుస్తుంది? హాలమ్ రోజూ తప్పిస్తాడు, వాడికి ఉద్యోగం ఉంది. నువ్వు ఓడిపో, ఉండిపో. అంతే నాకు కావాల్సింది."

డెల్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి వెనక పెరట్లో మంచులో మునిగిన పాత బాస్కెట్ స్తంభాన్ని చూశాడు.

"ఆ స్తంభం కింద మంచు ఎందుకు తీసేదానివక్కా?" అన్నాడు చివరికి.

"పిచ్చి ప్రశ్న. నువ్వు ఆడుకుంటావని."

"ఊఁ," అని కప్పు బల్ల మీద పెట్టి, మోకాలు కిర్రుమనిపించుకుంటూ పైకెళ్లిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ రోజంతా నెత్తి మీద వాడి అడుగుల చప్పుడు అటూ ఇటూ, అటూ ఇటూ వినిపిస్తూనే ఉంది. కింద ఈవిడ, పైన వాడు.

ఆదివారం ఆట మధ్యాహ్నం. వెర్నెట్టా చర్చి నుంచి తిన్నగా వచ్చి కోటు తొడుక్కుంది. దేవుణ్ణి ఏం అడిగిందో బయటికి చెప్పుకునేలా లేదు. తమ్ముడి బంతి తప్పిపోవాలని మొక్కుకున్న అక్క ఆ ఊరి చర్చిల్లో ఆవిడొక్కతే అయ్యుంటుంది.

మొదటి సగంలో డెల్ వేసినవి వరసగా తప్పాయి. వెర్నెట్టా ఊపిరి పీల్చుకుంది, అలా పీల్చుకున్నందుకు తనని తానే అసహ్యించుకుంది. వాడు కావాలనే తప్పిస్తున్నాడా, చెయ్యి కుదరలేదా? అంత ఎత్తు నుంచి ముఖం కనిపించదు. కనిపించకపోవడమే నయమనుకుంది. డూడెక్ మాత్రం హాయిగా మొక్కజొన్న పేలాలు తింటూ, "శభాష్, కుర్రాడికి దారి తెలిసింది," అన్నాడు.

కానీ అవతలి జట్టు కూడా ఓడడానికే వచ్చినట్టుంది. ఆట చివరికొచ్చేసరికి మిల్లర్స్ ఒక్క పాయింటే వెనకబడి ఉంది. గడియారంలో కొన్ని సెకన్లే మిగిలాయి. బంతి హాలమ్ చేతుల్లోంచి జారి, ఒకడి బూటుకి తగిలి, ఎగిరి డెల్ చేతుల్లో పడింది. ఎదుట ఎవరూ లేరు. ముందు ఖాళీ నేల, పైన బాస్కెట్.

డెల్ ఆగాడు.

స్టేడియం చప్పబడిపోయింది. గెలవమని అరవాలో, ఓడమని అరవాలో తెలియక జనం నోళ్లు మూసుకున్నారు. మెట్ల మధ్య ఒక పెద్దమనిషి టికెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డ వెర్నెట్టా కళ్లు మూసుకుందామనుకుంది. పొద్దుట చర్చిలో తేల్చుకున్నది అదే. కళ్లు మూసుకో, తప్పిపోనీ, వాడు ఉండిపోతాడు.

"వెయ్యరా!"

ఆ కేక ఎవరిదో ఆవిడకి ముందు తెలియలేదు. మెట్లు దిగి కంచె దాకా పరిగెత్తుకెళ్లాక తెలిసింది. "వెయ్యరా డెల్! చూస్తావేంట్రా, వెయ్యి!"

వేశాడు. పడింది.

మూలుగు స్టేడియమంతా పాకింది. డూడెక్ తల పట్టుకున్నాడు. వెర్నెట్టా ఆ పెద్దమనిషి టికెట్ పిడికిట్లో నలిపేసి ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. ఆ అంతస్తులో చప్పట్లు కొట్టింది ఆవిడొక్కతే.

సోమవారం ఆవిడ బస్సు షెడ్డులో పెట్టి ఇంటికొచ్చేసరికి డెల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫోను వచ్చేసింది. చాలా మర్యాదగా మాట్లాడారట. నీ వృత్తిధర్మం మాకెంతో నచ్చింది అన్నారట.

"నా నోరు పడిపోనూ," అంది వెర్నెట్టా వాడి పక్కన కూలబడి. "నేనే చెడగొట్టాను. నువ్వు ఆగావు కదరా. ఆగినవాణ్ణి ఆగనివ్వకుండా..."

"ఆగాను. నువ్వు చెప్పినట్టే చేద్దామనే ఆగాను," అన్నాడు డెల్. "మొదటి సగం కూడా అంతే. చేతులు నావి కాదనిపించింది. ఊరుకో అక్కా, ఏడవకు. అంత పెద్ద స్టేడియంలో ఒక్క గొంతే వినబడింది నాకు. శనివారం వద్దన్నావు, ఆదివారం వెయ్యమన్నావు. ఏది వినాలి మరి?"

"రెండోదే విను," అంది వెర్నెట్టా ముక్కు తుడుచుకుని. "ఎప్పుడూ రెండోదే."

డెల్ బూట్లు తాళ్లు ముడేసి భుజాన వేసుకుని పైకెళ్లాడు. అటక తలుపు తీసిన చప్పుడు కింద వినబడింది. మూసిన చప్పుడు కూడా.

బుధవారం మళ్లీ ఆట. వెర్నెట్టా వరసగా సీట్లు తుడుచుకుంటూ వచ్చి అట్టకుర్రాడి దగ్గర ఆగింది. తువ్వాలు భుజాన వేసుకుంది.

"టికెట్ ఏదీ?"

డూడెక్ పకపక నవ్వాడు. "దొరగారు మర్చిపోయారట!"

"నవ్వులాటకి అనడం లేదు బాబాయ్. టికెట్ లేకపోతే లేవమను."

"అదేంటి తల్లీ, మన కుర్రాడు!"

"మనవాడెలా అయ్యాడు? వాడు ఈ ఊళ్లో కాలు కూడా పెట్టలేదు. పెట్టిన రోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడతా." అట్టబొమ్మని నడుం దగ్గర విప్పి, చంకలో పెట్టుకుని మెట్లు దిగి, బయటి తలుపు దగ్గర గొడుగుల మధ్య నిలబెట్టి వచ్చింది. ఆ కోటు వేసుకున్న వెర్నెట్టా చెప్పాక ఆ అంతస్తులో ఇంక వాదన లేదు.

ఆట ఎప్పటిలాగే సాగింది. మిల్లర్స్ బాగా వెనకబడింది, జనం సుఖంగా కూర్చున్నారు. హాలమ్ చేతికి బంతి వచ్చింది. అదే హాలమ్, ఆవిడ తమ్ముడికి దక్కని చోటు దక్కించుకున్న హాలమ్. వాడు ఎటు చూసినా ఎవరూ బంతి అందుకోవడం లేదు. వాడి భుజాలు ముడుచుకుపోవడం అంత పై నుంచి కూడా కనిపించింది.

"వెయ్యరా!" అని అరిచింది వెర్నెట్టా.

వాడు ఉలిక్కిపడి వేశాడు. బంతి బాస్కెట్‌కి తగల్లేదు, వలకి తగల్లేదు, వెనక పలకకీ తగల్లేదు. అంతస్తంతా నవ్వింది. డూడెక్ వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూశాడు.

వెర్నెట్టా కంచె పట్టుకుని ముందుకి వంగింది.

"ఏం ఫరవాలేదు! మళ్లీ వెయ్యి!"