‘టెస్ట్ టెస్ట్’ గారి నంబరు

మరిసిద్దయ్యకు కోపం కొత్త కాదు. పామును రాళ్లతో కొట్టేవాళ్ల మీద, సెల్‌ఫోన్లో వీడియో తీస్తూ దారికి అడ్డం నిలబడేవాళ్ల మీద, అంతా అయ్యాక "దోషం ఏమైనా ఉందంటావా అణ్ణా" అని అడిగేవాళ్ల మీద ఆయన ముప్ఫై ఏళ్లుగా అరుస్తూనే ఉన్నాడు. ఆ కోపాలు పాము సంచిలోకి వెళ్లేసరికి చల్లారిపోయేవి. ఈ ఐదు వారాల కోపం వేరు. ఎదురుగా నిలబెట్టి తిడదామంటే మనిషే దొరకలేదు.

వర్తూరు, గుంజూరు, దొమ్మసంద్ర చుట్టుపక్కల ఎవరింట్లో పాము కనబడినా పిలిచేది ఆయన్నే. ఒకప్పుడు కరెంటాఫీసులో దినకూలి. మీటరు పెట్టెలో నాగుపాము చుట్టుకుని ఉంటే లైన్‌మన్లు ముగ్గురూ నిచ్చెన వదిలేసి పరుగెత్తారట. సిద్దయ్య ఇనుప కొక్కెంతో దాన్ని లాగి గోనెసంచిలో వేసుకుని చెరువు అవతల వదిలి వచ్చాడు. అప్పట్నుంచి అదే పని. రాగిచేలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి గాని పాములు ఎక్కడికీ పోలేదు. కార్ల కింద, జనరేటరు గదుల్లో, పిల్లల జారుడుబల్ల కింద దొరుకుతున్నాయి.

ఆ పనికి కొక్కెం ఎంత అవసరమో ఫోన్ నంబరూ అంతే అవసరం. 2004లో మొదటి సెల్‌ఫోను కొన్నప్పుడు దుకాణంవాడు పది నంబర్లు చూపించాడు. సిద్దయ్య ఏరికోరి ఒకటీ రెండూ మూడూ నాలుగూ ఐదుతో ముగిసేది తీసుకున్నాడు. పామును చూసినవాడికి కాళ్లూ చేతులూ ఆడవు. చీటీ వెతుక్కునే ఓపిక ఉండదు. భయంలో కూడా నోటికి వచ్చే నంబరైతేనే పిలుపు తనదాకా వస్తుంది. ఇరవై ఏళ్లలో ఆ నంబరు వాచ్‌మన్ గదుల గోడల మీద, పాలవాళ్ల నోళ్లలో, బడి పిల్లల డైరీల్లో స్థిరపడిపోయింది.

ఐదు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున, రాగిముద్దలోకి సొప్పుసారు, అదే ఆకుకూర పులుసు, పోసుకుంటుండగా ఫోను మూలిగింది. "హాయ్ టెస్ట్ టెస్ట్! సంతెచీలకు స్వాగతం. మీ ఓటీపీ..." సంతెచీల అంటే ఇళ్లకు కూరగాయలు పంపే కంపెనీ. సిద్దయ్య ఎప్పుడూ వాళ్ల దగ్గర వంకాయ కూడా కొనలేదు. ఒక్క నిమిషంలో ఫోను మోగింది. ఆడగొంతు ఒకటి "నమస్కారం, మీ ఓటీపీ" అంటూ నాలుగు అంకెలు వల్లించింది. పది నిమిషాలకు మళ్లీ మెసేజీ, మళ్లీ ఫోను. సాయంత్రానికి లెక్క తప్పిపోయింది.

"ఎవరామె, పొద్దున్నించీ ఒకటే పిలుపు?" అంది భార్య పుట్టమ్మ.

"మిషను."

"మిషనుకి నీతో ఏం పని? మంచిగా మాట్లాడి చూడు, పెట్టేస్తుందేమో."

మూడు రోజుల తర్వాత ఆమె కూడా నవ్వడం మానేసింది.

నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వచ్చేది. అన్నీ ఈ నగరం ల్యాండ్‌లైన్ కోడ్ 080తో మొదలయ్యే నంబర్లే. పోలీసు స్టేషన్‌లో "ఓటీపీ ఎవరికీ చెప్పకు, అంతే" అని పంపించేశారు. సంతెచీల కస్టమర్ కేర్‌లో ఒక అమ్మాయి శ్రద్ధగా విన్నది.

"టెస్ట్ గారూ, మీ ఖాతా మూసేయమంటారా?"

"నేను టెస్ట్ గారిని కాదమ్మా! మరిసిద్దయ్యని."

"ఇక్కడ మీ పేరు టెస్ట్ టెస్ట్ అనే ఉంది సార్. మూసేయాలంటే ఓటీపీ వస్తుంది, చెప్పండి."

చెప్పాడు. మూసేసింది. పది నిమిషాల్లో టెస్ట్ టెస్ట్ గారికి కొత్త ఖాతా తెరుచుకుంది.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. సిద్దయ్య బొటనవేలూ పడింది. తెర మీద 080 కనబడగానే ఎర్ర గుర్తు నొక్కేయడం నేర్చుకుంది. కన్ను చదివేలోపే వేలు పని కానిచ్చేసేది.

గుంజూరు దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో తోటమాలి ముత్తురాజు. గడ్డి కోస్తుంటే నీళ్ల పైపుల మధ్య రక్తపింజర కనబడింది. పక్కనే పిల్లల బడి బస్సు ఆగే చోటు, బస్సు వచ్చే వేళ. ముత్తురాజు సెల్‌లో ఛార్జింగు లేక గేటు దగ్గరున్న ల్యాండ్‌లైన్ నుంచి పిలిచాడు. అది 080. మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ సిద్దయ్య బొటనవేలు కోసేసింది. బస్సు హారన్ వినబడుతోంది. ముత్తురాజు పారకర్ర తీసుకుని దాన్ని తనే పక్కకు నెట్టబోయాడు.

ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. వాళ్లన్న ఆస్పత్రి మెట్ల మీద సిద్దయ్య చొక్కా పట్టుకున్నాడు. "పెద్దమనిషివైపోయావు కదయ్యా, తోటమాలి ఫోను ఎత్తుతావా!" అన్నాడు. సిద్దయ్య చొక్కా విడిపించుకోలేదు. మిషను సంగతీ చెప్పలేదు. చెబితే ఎవరు నమ్ముతారు? మర్నాడు పొద్దున్నే స్కూటరు తీసి సంతెచీల ఆఫీసుకు బయల్దేరాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. తనను పిలిచినవాడి పిలుపు తనకు అందాలి.

అద్దాల గేటు దగ్గర గార్డు చంద్రప్ప ఆయన చేతికి పలక లాంటి మిషను ఇచ్చాడు. "పేరు, నంబరు కొట్టు అణ్ణా. ఓటీపీ వస్తుంది, అప్పుడు గేటు తెరుచుకుంటుంది."

"మీ ఓటీపీలు నా దగ్గర బండెడు ఉన్నాయి, ఒకటి వాడుకోకూడదూ?"

"అట్లా కుదరదు. కొట్టు."

కొట్టాడు. పలక మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇది పరీక్షలకు వాడే నంబరు, దయచేసి అసలు నంబరు ఇవ్వండి.

సిద్దయ్య రెండుసార్లు చదివాడు.

"తప్పు నంబరు వేశావు అణ్ణా. నిజంది వెయ్యి," అన్నాడు చంద్రప్ప.

"ఇదే నిజంది."

"మిషను కాదంటోందిగా."

"మిషనుకు నా నంబరు గురించి నాకంటే ఎక్కువ తెలుసా? ఇరవై ఏళ్లుగా ఈ నంబరుకు జనం ఫోన్లు చేస్తున్నారు. నీ ఇంట్లో రేపు పాము దూరితే ఈ నంబరుకే చేస్తావు!" ఆ కేకకు కాఫీ కప్పులతో లోపలికి పోతున్నవాళ్లు ఆగి చూశారు. "ఇది రాసినవాణ్ని కిందికి పిలువు. పిలిచేదాకా కదలను." అని గేటుకు అడ్డంగా నేల మీద కూర్చున్నాడు.

చంద్రప్ప పైకి ఫోన్ చేశాడు. పావుగంటకు మెడలో కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి దిగి వచ్చింది. పేరు స్ఫూర్తి హెగ్డే, శిరసి ఊరి పిల్ల. వెబ్‌సైటుకు పరీక్షలు పెట్టడం ఆమె ఉద్యోగం. గేటు మిషను మీద ఆ ఎర్ర అక్షరాలు రాసిందీ ఆమే.

"అంకుల్, ఈ నంబరు... నిజంగా ఎవరిదో ఒకరిదా?"

"చేసి చూడు."

ఆమె తన ఫోన్లో ఆ నంబరు నొక్కింది. సిద్దయ్య జేబు మోగింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది.

"అయ్యో. ఇది ఉత్త నంబరనుకున్నాం అంకుల్. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఇక్కడ అందరూ ఇదే వాడుతున్నారు. తేలిగ్గా గుర్తుంటుందని."

"నేను తీసుకుందీ అందుకే," అన్నాడు సిద్దయ్య పళ్లు కొరుకుతూ. "ఇంతకీ నా ఫోనుతో మీకేం పని?"

"మా సైటు పనిచేస్తోందో లేదో చూడ్డానికి మిషన్లు పెట్టాం. అవి కొత్త కస్టమర్‌లా నటిస్తాయి. పేరు రాస్తాయి, నంబరు రాస్తాయి, ఓటీపీ పంపమంటాయి. ముంబై నుంచి ఒకటి, ఢిల్లీ నుంచి ఒకటి, ఇక్కణ్నుంచి ఒకటి. పది నిమిషాలకోసారి."

"నటించేది మిషను. మరి మోగేది నా ఫోనెందుకమ్మా?"

"మోగకూడదు అంకుల్. ఫోను కంపెనీకి బదులు ఒక దొంగ ఫోను కంపెనీ మేమే రాసి పెట్టుకుంటాం. మిషను అడిగితే అది 'పంపేశాను' అని బొంకుతుంది. బయటికి ఏదీ పోదు. అసలుది ఎట్లా పనిచేస్తోందో చూడాలని మా సార్ ఆ దొంగదాన్ని తీయించారు. ఐదు వారాలైంది."

"మళ్లీ పెట్టలేదు."

"పెట్టలేదు. రెండుసార్లు గుర్తు చేశాను."

"మూడోసారి చేయలేదా?"

ఆమె ఫోను తీసింది. ఆ సార్ని పిలిచింది. ప్రణవ్ కామత్ నవ్వుతూనే వచ్చి, సిద్దయ్యకు కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించాడు. సిద్దయ్య రెండూ ముట్టలేదు. జరిగింది చెప్పాడు. ముత్తురాజు వేళ్ల దగ్గరికి వచ్చేసరికి కామత్ నవ్వు కాస్త సర్దుకున్నాడు.

"చాలా బాధాకరం పెద్దాయనా. కానీ పాము కరవడానికీ మాకూ నేరుగా సంబంధం లేదు కదా. ఒక పని చేద్దాం. మీకు కొత్త ఫోను, కొత్త నంబరు ఇప్పిస్తాను. ఏడాదిపాటు కూరగాయలు మా తరఫున."

"నంబరు మార్చుకోవాలా? గుంజూరు నుంచి దొమ్మసంద్ర దాకా ఉన్న గోడలన్నీ నువ్వు చెరిపి రాస్తావా? పామును చూసి వణుకుతున్నవాడి చెవిలో నువ్వు చెబుతావా కొత్త నంబరు? నీ వంకాయలు నాకెందుకయ్యా! నా నంబరు నాకు వదిలిపెట్టు."

"వదిలేస్తాం. కానీ ఈ వారం సైటు కొత్తది వస్తోంది, ఇప్పుడు పరీక్షలు ఆపితే చాలా కష్టం. వచ్చే నెల మొదట్లో..."

"పరీక్షలు ఆపమన్లేదు. ఇంకో నంబరు పెట్టుకోండి. నీది పెట్టుకో."

కామత్ హాయిగా నవ్వేశాడు. "నాదెట్లా పెడతాం? పది నిమిషాలకోసారి మోగుతుంటే నాకు పనులుంటాయి కదా."

చంద్రప్ప నేల చూపులు చూశాడు. సిద్దయ్య లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకుని కామత్ ఒక అడుగు వెనక్కి వేశాడు. సిద్దయ్య కొట్టలేదు. ముప్ఫై ఏళ్లుగా నేర్చుకున్నది ఆయన చేతుల్ని ఆపింది. పడగ ఎత్తినదాని ముందు చేతులు ఆడించకూడదు. మాట మాత్రం ఆపలేదు.

"నీకు పనులుంటాయి. నాకు ఉండవు. ముత్తురాజుకి ఉండవు. మాకు నంబర్లే ఉండవు, మేము ఉత్తవాళ్లం. టెస్ట్ టెస్ట్!"

స్ఫూర్తి అక్కడ లేదు. ఎప్పుడు వెళ్లిందో ఎవరూ గమనించలేదు.

కామత్ సముదాయింపు మొదలుపెట్టాడు. మధ్యలో అతని జేబు మూలిగింది. తీసి చూసి, కనుబొమలు ముడిచి, లోపల పెట్టుకున్నాడు. నిమిషానికల్లా మోగింది. ఎత్తాడు. నమస్కారం, మీ ఓటీపీ అంటున్న ఆడగొంతు సిద్దయ్యకు కూడా వినబడింది. కామత్ పెట్టేశాడు. మళ్లీ మోగింది. అది ఢిల్లీది కాబోలు. తర్వాత ముంబైది. ఢిల్లీ, ముంబై, మళ్లీ ఇక్కడిది. మధ్యలో ఎవరో పెద్ద అధికారి చేసిన అసలు కాల్‌ని కూడా అతని వేలు కోసేసింది.

"స్ఫూర్తీ!" అని అరుస్తూ మెట్లెక్కాడు.

ఆ నంబరు ఉన్నది ఒకే ఒక్క వరుసలో. దాన్ని మార్చడానికి ఆమెకు పట్టింది పదంకెలు కొట్టేంత సేపే. దొంగ ఫోను కంపెనీని తిరిగి నిలబెట్టడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం సిద్దయ్య ఐదు వారాలు ఎదురుచూశాడు.

స్ఫూర్తి కిందికి వచ్చి రెండూ అయిపోయాయని చెప్పింది. ఇక మోగదు అంకుల్, అంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో సాయంత్రానికి తెలుస్తుందని కూడా అంది, తేలిగ్గానే. సిద్దయ్య మెచ్చుకుంటాడనుకుందేమో.

"ఐదు వారాల కిందటే చేసుంటే ముత్తురాజు వేళ్లుండేవి," అన్నాడు సిద్దయ్య.

ఆమె తలవంచుకుంది. "ఆస్పత్రి పేరు చెప్పండి. వెళ్తాను."

"వెళ్లు. మీ సార్ని కూడా తీసుకెళ్లు. సంబంధం లేదని ముత్తురాజు ముందర నిలబడి చెప్పమను."

ఆస్పత్రి పేరు, వార్డు చెప్పి బయటికి వచ్చేశాడు. స్కూటరు మీద కూర్చుని ఫోను చేతిలో పట్టుకున్నాడు. పది నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. మోగలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆయన నమ్మలేదు. అసలు ఫోను పనిచేస్తోందా, లేక వాళ్లు నంబరునే చంపేశారా? స్కూటరు దిగి మళ్లీ గేటు దగ్గరికి నడిచాడు.

"తమ్మా, నాకొక కాల్ చెయ్యి."

"ఎందుకణ్ణా, ఎదురుగానే ఉన్నావుగా?"

"వస్తోందో లేదో చూడాలి. చెయ్యి."

చంద్రప్ప బల్ల మీది ల్యాండ్‌లైన్ ఎత్తి నంబరు నొక్కాడు. చీటీ చూడనవసరం లేకపోయింది. సిద్దయ్య చేతిలో ఫోను మోగింది. మోగిన మరుక్షణం ఆగిపోయింది.

"కోసేశావేంటణ్ణా?"

సిద్దయ్య తన చేతివైపు చూసుకున్నాడు. బొటనవేలు ఎర్ర గుర్తు మీదే ఉంది.

"మళ్లీ చెయ్యి," అన్నాడు. ఈసారి ఎడమచేత్తో ఆ వేలిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.