అయిదు మాటల పరీక్ష

ఉచితమన్న మాట చెవిన పడగానే నా మనస్సు జాగ్రత్త పడుతుంది. అమీర్‌పేటలో నలభై యేండ్లుగా కాపురమున్నవానికి ఇది సహజమే. మోకాళ్ళ తైలమూ, అయస్కాంతపు పరుపూ ఉచిత వైద్య శిబిరం పేరుతోనే మా వీధికి వచ్చినవి. కనుక, సందు చివరి చర్చి హాలులో శనివారం ఉదయాలు పెద్దలకు ఆరోగ్య శిక్షణ ఇస్తారన్న కరపత్రం చేతికందినప్పుడు దానిని రెండు వైపులా చదివినాను. అమ్మకపు వస్తువేదీ కనబడకపోవడమే నా అనుమానాన్ని రెట్టింపు చేసింది.

నాకంటె ముందు నా మిత్రుడు అందులో చేరినాడు. ఒకే పాఠశాలలో ముప్పై యేండ్లు ఆయన లెక్కలు చెప్పినాడు, నేను తెలుగు చెప్పినాను. మధురానగర్‌లో అందరికీ ఆయన లెక్కల సారే. ఆయన నన్ను పంతులూ అని పిలుస్తాడు. ఎవరేమన్నా నమ్మే ఆ సాధువును ముక్కు మొహం తెలియనివాళ్ళకు అప్పగించడం ఇష్టంలేక నేనూ వెంట వెళ్ళినాను.

శిక్షణ నడిపే ఆమె ఉద్యోగ విరమణ చేసిన నర్సు. అందరూ సిస్టర్ అనేవారు. మొదటి వారం మమ్ములను కుర్చీలో కూర్చోబెట్టి లేపింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, రక్తపోటు చూసింది, చివరికి రాగిజావ పోసింది. దేవుని మాట ఎత్తుతుందేమోనని చూసినాను, ఎత్తలేదు. మందుల డబ్బా తీస్తుందేమోనని చూసినాను, తీయలేదు. అయితే నింపమని ఇచ్చిన కాగితంలో ఇంట్లో మిమ్ములను ఎవరు చూసుకొంటారు, వారి ఫోను నంబరేమి అని ఉండడం నాకు మింగుడు పడలేదు. నా వయస్సు అడగవచ్చును గాని, నా మీద అధికారం ఎవరిదని అడగడమేమిటి?

అదే రోజున జ్ఞాపకశక్తి పరీక్ష కూడా జరిగింది. సిస్టర్ ఒక అట్ట మీదినుంచి అయిదు మాటలు చదువుతుంది. పది నిమిషాలు వేరే సంగతులు మాట్లాడి, ఆ అయిదూ చెప్పమంటుంది. తాళం, గొడుగు, రైలు, మామిడి, ఉప్పు. చిన్ననాడు గురువుగారు నిత్యం పద్యం కట్టించిన అలవాటు వల్ల, ఆమె కబుర్లు ముగిసేలోపల నేను వాటిని ఒక ఆటవెలదిలో కూర్చి, వరుస తప్పకుండా అప్పగించినాను. అందరికీ అవే మాటలు, ఒకటే అట్ట. లెక్కల సారు పేరు వచ్చేవారం వరుసలో ఉంది.

బయటికి వస్తూంటే ఆయన కోడలు నన్ను ఆపింది. మామయ్య రెండుసార్లు స్టవ్ మీద పాలు పెట్టి బయటికి పోయిన్రని, పరీక్షలో తేడా వస్తే ఇక ఒక్కరినే తిరగనిచ్చేది లేదని, డాక్టరుకు చూపిస్తామని చెప్పింది. ఆమె మాటలో దిగులే ఉంది. నాకు మాత్రం కుట్ర వినబడింది. పాలు పొంగించని వారెవరు? ఈ పరీక్షలు, ఈ నంబర్లు, ఈ రాగిజావ, అన్నీ ఒక ముసలివానిని కాగితం ముక్కతో ఇంట్లో కూర్చోబెట్టడానికేనని తేల్చుకొన్నాను.

ఆ వారమంతా సాయంత్రాలు ఆయన చేత పద్యం వల్లె వేయించినాను.

తాళమేసి గొడుగు తలపైనఁ బట్టుక
రైలు నెక్కె నొకఁడు రయము మీర
మామిడొకటి చేత మఱియొక్క చేతిలో
నుప్పుమూట దాల్చె నొప్పుగాను

ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టినాడు. "గొడుగొక చేతిల, మామిడొక చేతిల, ఉప్పొక చేతిల. నీ మనిషికి మూడు చేతులున్నయేంది పంతులూ?"

ఇంత చురుకైన బుద్ధికి మతిమరుపు అంటగడతారా అని నాకు కోపం మరింత పెరిగింది. శనివారం ఆయన పెదవులు కదిలిస్తూ పద్యం లోలోపల నడిపించి, అయిదు మాటలూ చెప్పినాడు. సిస్టర్ ఆయన పెదవుల వంక ఒక క్షణం చూసి, కాగితంలో మార్కులు వేసింది. కోడలు ముఖం తేటపడింది. నేను గెలిచినాననుకొన్నాను.

నాలుగు రోజుల తరువాత, ఉదయం పదకొండు గంటలకు ఆయన ఫోను చేసినాడు. కళ్ళద్దాలు బాగు చేయించుకొనడానికి ఒక్కడే పంజాగుట్ట పోయినాడట. పరీక్ష నెగ్గిన మనిషి గనుక కోడలు అడ్డుచెప్పలేదు. వెనుక మనుషుల రద్దీ, ఏదో ప్రకటన వినబడుతున్నవి.

"పంతులూ, జర చెప్పు. నేను యాడున్న?"

ప్రకటనను బట్టి అమీర్‌పేట మెట్రో అని పోల్చుకొన్నాను. అక్కడ దిగి, అంతస్తు మారి, మరో రైలెక్కితే మధురానగర్ తరువాతి స్టేషనే. ఏండ్ల తరబడి మేము కలిసి తిరిగిన దారి అది. కదలవద్దని చెప్పి ఆటోలో పోయినాను. ఆయన మెట్ల దగ్గరి బల్ల మీద కళ్ళద్దాల పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఏ లైను, ఏ వైపు, ఇల్లు ఏ వీధిలో, ఏదీ తోచడం లేదన్నాడు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకొని, "పద్యం మాత్రం మరువలేదు" అని నాలుగు పాదాలూ తప్పులేకుండా చదివినాడు. చుట్టూ పోయేవాళ్ళు తిరిగి చూసినారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వచ్చే శనివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే కోడలికి నిజం చెప్పినాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇయ్యాల మామయ్య రోడ్డు దాటి ఎటైనా పోయుంటే ఎట్ల సార్ అని మాత్రం అడిగింది.

శనివారం, లెక్కల సారూ కోడలూ తప్ప అందరూ వెళ్ళిపోయిన తరువాత సిస్టర్ ఎదుట ఒప్పుకొన్నాను. ఆమె కాగితంలో పాత మార్కులు కొట్టివేస్తూ, "పెదవులు కదిలినప్పుడే నాకు డౌటొచ్చింది సార్. మీరు పక్కనుండి చూస్తుంటే అడగలేకపోయిన" అన్నది. రెండు వారాలు నేను ఆమెను కనిపెడుతూంటే, ఆమె నన్ను కనిపెడుతున్నదన్నమాట. కాని ఆమె అనుమానం రోగి కోసం. నాది దేనికోసమో అప్పుడు తేల్చుకొనలేకపోయినాను.

ఆమె వేరే అట్ట తీసి, నన్ను దూరంగా కూర్చోమని, లెక్కల సారుకు కొత్త మాటలు చదివింది. చీపురు, నది, కోడి, దీపం, అద్దం. పది నిమిషాలు ఆయన మనుమరాలి చదువు గురించి హాయిగా మాట్లాడినాడు. తరువాత మాటలు చెప్పమన్నది.

"కోడి" అన్నాడు. చెయ్యి పైకెత్తి ఒక్కొక్క వేలే ముడిచి చూసుకొన్నాడు. ఆ తరువాత నా వైపు తిరిగినాడు.

"పద్యమేది పంతులూ?"

"కట్టలేదు సారూ."

నా నోటికి నిజంగానే ఒక పాదం వచ్చి ఉండెను. పళ్ళు బిగించి పట్టుకొన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు. తన నుండి ఏదో దాచినవానిని చూసినట్టు చూసినాడు. ఇన్నేండ్లలో ఆయన నన్ను అట్లా చూడడం అదే మొదటిసారి.

కోడలు అక్కడినుంచే ఫోను చేసి మంగళవారానికి పంజాగుట్టలో డాక్టరు సమయం తీసుకొన్నది. వెంట ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు నేను వస్తానన్నాను. ఆయన నా వంక చూడకుండా కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకొంటూ కూర్చున్నాడు.