గీతల బయట భోజలి

నా భార్య స్నేహితురాలి పేరు మా ఇంట్లో ఎవరమూ పలకం. నా భార్య ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో ఆమె మా రైల్వే క్వార్టర్ల వెనక కూరగాయలు అమ్మేది. ఒక శ్రావణంలో ఇద్దరూ ఇక్కడి ఆచారం ప్రకారం భోజలి మార్చుకున్నారు. భోజలి అంటే చీకటి గదిలో బుట్టలో పెంచిన గోధుమ మొలకలు. వాటిని రాఖీ మర్నాడు నదిలో కలిపి, మిగిల్చుకున్న నాలుగు మొలకల్ని ఒకరి చెవుల మీద ఒకరు పెట్టుకుంటారు. అప్పట్నుంచి ఒకరికొకరు భోజలి. పేరు పెట్టి పిలుచుకోకూడదు. నన్ను ఆమె భాటో అంటుంది. వాళ్ళ భాషలో అక్క మొగుణ్ణి అలా పిలుస్తారు.

ఈ ఏడు రాఖీ అయిన వారానికి ఆమె తన కూతురి ఊరికి వెళ్ళిపోవాలి. అడవి అంచున ఎక్కడో ఉంది ఆ ఊరు. ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి. మళ్ళీ ఎప్పుడు కలుస్తారో వాళ్ళకే తెలీదు. అందుకే నదికి వెళ్ళే ముందు రోజు ఆమె నన్ను అడిగింది.

"భాటో, మా ఇద్దరిదీ ఒక ఫొటో తియ్యి. సెవి మీద భోజలి కనబడాల. గోడకి పెట్టుకుంతాను."

ఆమె తెలుగు నా భార్య దగ్గర నేర్చుకున్నది. మా శ్రీకాకుళం యాస నాకంటే ఆమెకే బాగా పట్టుబడింది.

"ఫోన్లో తీసీండి, అయిపోతాది," అంది నా భార్య.

కెమెరా ఉండగా ఫోనెందుకన్నాను. నాది రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో మనం లెన్స్ గుండా చూడం. దానికి ఎడమ పక్కన, కాస్త పైన ఉన్న చిన్న కిటికీ లోంచి చూస్తాం. కిటికీలో తెల్లటి గీతల చట్రం ఉంటుంది. అందులో పడిందే ఫొటోలో వస్తుందని లెక్క. దూరాన ఉన్నవాటికి ఆ తేడా లెక్కలోకి రాదు. మనిషి దగ్గరికొస్తే మాత్రం కిటికీ చూసింది ఒకటి, లెన్స్ చూసింది ఒకటి అవుతుంది. పాత కెమెరాతో ఎన్నో తలలు తెగ్గొట్టాక నాకు ఒక అలవాటు పట్టింది. గీతల్లో అంతా కుదిరాక, నొక్కే ముందు కెమెరాను రవ్వంత ఎడమకీ రవ్వంత పైకీ తిప్పుతాను. కూర్చునే ముందు పంచె సర్దుకున్నట్టు చెయ్యి తనంతట తనే ఆ పని చేస్తుంది.

ఆ పాత కెమెరా పాడై, ఈమధ్యే ఒకరు వాడినది కొన్నాను. దాంతో రైళ్ళూ, వంతెనా, వానమబ్బులూ తీశాను. అన్నీ దూరపువే.

అర్పా నది ఒడ్డున ఇద్దరూ మొలకలు పెట్టుకుని, "సీతారామ్ భోజలి" అని ఒకరికొకరు దణ్ణం పెట్టుకున్నారు. ఎడమ వైపు నా భార్య, కుడి వైపు ఆమె. దగ్గరగా వెళ్ళి, ప్రతిసారీ ఎడమకీ పైకీ జరుపుతూ రోలు అయ్యేదాకా తీశాను. ఫిల్ము కడిగేవాళ్ళు ఇక్కడ నాకు తెలిసి ఎవరూ మిగల్లేదు. వ్యాపార్ విహార్‌లో కొరియర్ వాడికిచ్చి వేరే ఊరు పంపాను.

మర్నాడు పొద్దున ఖాళీ కెమెరా తుడుస్తూ, ఊరికే కిటికీలోంచి బల్ల మీది మంచినీళ్ళ చెంబును చూశాను. దూరం సర్దే చక్రం తిప్పుతుంటే తెల్లగీతలు కదిలాయి. కుడికీ కిందికీ. మళ్ళీ తిప్పాను. మళ్ళీ కదిలాయి. ఈ కెమెరా ఆ తేడాను తనే సర్దుకుంటోంది. దాని మీద నేను ఇంకోసారి సర్దాను. నా మందపు కళ్ళద్దాల వల్ల కన్ను కిటికీకి ఆనదు, గీతల అంచులు సరిగా కనబడవు. అందుకే ఇన్నాళ్ళూ పట్టుకోలేకపోయాను.

టీ చల్లారిపోయింది. కూర్చోలేను, నిలబడలేను. డైరీ తెరిచి వానపడే సూచన ఉందని రాసి మూసేశాను. ఎంత తెగిందో తెలిస్తే గాని లాభం లేదు. కెమెరా వెనక తలుపు తీసి, ఫిల్ము ఉండే చోట ట్రేసింగ్ కాగితం అంటించి, షట్టర్ తెరిచిపెడితే బొమ్మ తలకిందులుగా కాగితం మీద పడుతుంది. పెరటి గోడ మీద సుద్దతో గీతలు గీశాను. నా భార్యను ఎడమ వైపు నిలబెట్టి, కుడి వైపు చీపురుకట్ట నిలబెట్టి దాని మీద చెంబు బోర్లించాను.

"ఏటండీ ఇది? నా భోజలి సోట్లో సీపురా?"

"కదలకు."

"మొన్నే సున్నం కొట్టించాం ఆ గోడకి."

నది ఒడ్డున జరిపినట్టే జరిపి చూశాను. నా భార్య నిండుగా ఉంది. చెంబు మాత్రం సగం లేదు. ఆ చోట నిలబడ్డ ఆమె ఎడమ చెవీ, దాని మీది మొలకా, సగం చెంపా గీతల బయట పడ్డాయన్నమాట. ఒక్క ఫొటోలో కాదు, నేను పద్ధతిగా తీసిన ప్రతి ఫొటోలోనూ.

ఫిల్ము వచ్చేలోగా ఆమె ఊరు దాటిపోతుంది. "నా లెక్క తప్పయి ఉండొచ్చు," అన్నాను. నా భార్య లోపలికెళ్ళి చీర మార్చుకుంది. నేను కెమెరాలో కొత్త రోలు ఎక్కించాను. ఆటోలో వంతెన దాటాం. రాజ్‌కిశోర్ నగర్ వెనక ఆమె ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. దారంతా కెమెరా చక్రం తిప్పుతూనే ఉన్నాను.

జరిగింది చెప్పాను. ఆమె మూట మీద కూర్చుని నన్ను చూసింది.

"నన్ను కోసీసినావా భాటో? ఎంతకాడికి?"

అరచేత్తో నా చెంప మీద చూపించాను.

"ఈ సెవేనా?" ఎడమ చెవి లాగి నవ్వింది. "ఇది వినబడదు. పోతే పోనీ!"

"మళ్ళీ మొలకలు తెచ్చి పెట్టుకోండి, సరిగ్గా తీస్తాను," అన్నాను.

"ఫొటో కోసం భోజలి పెట్టుకుంతారేటి?" నా భార్యకు కోపం వచ్చింది. "ఒకపాలి పెట్టుకున్నాం. అయిపోనాది."

ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. "మొలకలు లేకపోతే నేదు. మనుసులం ఉన్నాం గదా, తియ్యి."

ఇద్దరినీ గోడ ముందు కూర్చోబెట్టాను. చెయ్యి పాత అలవాటుకొద్దీ ఎడమకి పోబోయింది. బలవంతాన ఆపాను. సరిగ్గా ఆపానా, ఆపబోయి కుడికి లాగేశానా? ఒక అడుగు వెనక్కి వేశాను. చక్రం తిప్పాను. ఇంకో అడుగు వేశాను. వీపుకు తులసి గద్దె తగిలింది.

"ఇంకా ఎనక్కెళ్తే అర్పా నదిలో పడతారు," అంది నా భార్య.

"కొంచెం దగ్గరగా జరగండి. అంచుకు ఉన్నావమ్మా నువ్వు. నాకు నమ్మకం లేదు," అన్నాను ఆమెతో.

ఆమె నా భార్య మెడ చుట్టూ చెయ్యి వేసి ఒక్క లాగు లాగింది. రెండు చెంపలూ అతుక్కుపోయాయి. నా భార్య ముక్కుపుడక ఆమె బుగ్గకు గుచ్చుకుని ఇద్దరూ "అబ్బా" అన్నారు, అయినా ఆమె వదల్లేదు.

"ఇప్పుడు కొయ్యి భాటో, సూద్దాం. కోస్తే ఇద్దర్నీ కొయ్యాల."

నొక్కాను.