డాక్టరుగారు అనని మాట

డాక్టరుగారి సంతాప సభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది నేనే. ఆయన చేతి నేర్పు, మాంసం ముట్టని నియమం, తోలు బెల్టు కూడా పెట్టుకోని పట్టుదల, ప్రతి ఆదివారం మొయినాబాద్ తోటలో చెప్పిన దివ్యజ్ఞాన పాఠాలు, అన్నీ చెప్పాను. కొందరు చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి ఆపుకున్నారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. మా అన్న పోయిన రోజు మా వదినను ఏడవనివ్వనిది డాక్టరుగారు కాదు, నేను. ఆ నింద ఆయన మీద పడుతుంటే నోరు మూసుకుని పడనిచ్చాను.

మాది మొయినాబాద్ దగ్గరి సురంగల్. ఆయన నగరంలో పేరున్న సర్జన్. నేను ఆయన ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్‌ని. కోత పెట్టే ముందు ఆయన కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా నిలబడేవారు. కొత్తగా చేరిన నర్సులు ఆయన నిలబడి కునుకు తీస్తున్నారనుకునేవారు. ఆ ధ్యానమంతా పనిలో తప్పు జరిగేవరకే. ఓసారి నేను పరికరం అందించడం ఆలస్యమైతే, "నీకు చేతులెందుకయ్యా, దండగ" అన్నారు, అందరి ముందూ. అదే మనిషి ఆదివారం వస్తే నన్ను కారులో పక్కన కూర్చోబెట్టుకుని మొయినాబాద్ తీసుకెళ్లేవారు. తోటలో ఒక రేకుల షెడ్డు ఉండేది. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల రోగులను ఉచితంగా చూసేవారు. వాళ్లు వెళ్లాక పాఠం మొదలయ్యేది.

అవి సాఫ్ట్‌వేర్ రోజులు. జొన్న చేలు పోయి రంగురంగుల హద్దురాళ్లు మొలుస్తున్నాయి. పాఠానికి వచ్చేవాళ్లలో సగం మంది కంపెనీల కుర్రాళ్లే. "సార్, ఆత్మకు బ్యాకప్ ఉంటదా?" అని ఒకడు అడిగితే, "మీ కంపెనీ దానికంటే మంచిదే ఉంటుంది" అన్నారు డాక్టరుగారు. అంతా నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ షెడ్డులో పల్లెటూరివాణ్ని నేనొక్కణ్నే. వాళ్లు నన్ను 'గారు' అని పిలిచేవారు. ఆ పిలుపు పోకుండా ఉండడానికి నేను ఏమైనా చేసేవాణ్ని. చేశాను కూడా.

మా అన్న ఆ కంపెనీలవాళ్లనే రాత్రుళ్లు ఇళ్లకు చేర్చే క్యాబ్ నడిపేవాడు. వేళకు తిండి లేదు. కడుపునొప్పి వస్తే మందుల షాపులో గోలీ కొనుక్కుని మింగేవాడు. నాకు చెప్పాడు. "జర కారం తగ్గియ్యి అన్నా" అన్నాను. కడుపులో పుండు పగిలి, అంతా చీము పట్టాక మా ఆసుపత్రికి తెచ్చాం. డాక్టరుగారు నన్ను లోపలికి రానివ్వలేదు. తనే ఆపరేషన్ చేశారు. మర్నాడు అన్న పోయాడు.

డాక్టరుగారు బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "ముందే తెస్తే బతికేవాడు. దవాఖానలో పనిచేస్తూ నువ్వు చూసుకోలేదు" అన్నారు. చెప్పకుండా ఉండాల్సిన మాట చెప్పకుండా ఉండడం ఆయనకు చేతకాదు. తర్వాత గొంతు తగ్గించారు. "పోయినవాళ్లకు తాము పోయిన సంగతి వెంటనే తెలియదంటారు మా పెద్దలు. చుట్టూ గోల లేకుంటే వాళ్లకు నిమ్మళం. నీకు చదువుంది గనక చెప్తున్నా, నువ్వు మౌనంగా ఉండు. మీ వదినకు మాత్రం ఇది చెప్పకు. ఆమె ఏడవాలి. ఏడవనియ్యి."

శవం సురంగల్ చేరేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. మా మేనత్త అప్పటికే అన్న తల దగ్గర కూర్చుని శోకం ఎత్తుకుంది. "ఊరోళ్లనందర్నీ ఇండ్లకు జేర్చినవ్ కొడకా, నీ ఇంటికి నువ్వు గిట్లొస్తివా" అని రొమ్ము బాదుకుంటోంది. వదిన జుట్టు విప్పుకుని అన్న మీద పడబోతోంది. అప్పుడే ఫోన్ మోగింది. పాఠానికి వచ్చేవాళ్లు రెండు కార్లలో వస్తున్నారట, ఊరి మలుపు దగ్గరున్నారట.

నేను మేనత్త భుజం పట్టి లేపాను. "ఎవ్వరూ ఏడ్వద్దు. డాక్టర్ సాబ్ చెప్పిండు. మీరు ఏడిస్తే అన్న ఆత్మ ఈడనే చిక్కుకుంటది."

"ఏడ్వకుంటే మరి నవ్వాల్నా బిడ్డా? ఏం డాక్టర్‌రా వాడు?" అంది మేనత్త.

డప్పు కొట్టేవాళ్లను వాకిట్లోంచే పంపేశాను. వదిన నా కాళ్లు పట్టుకుంది. "ఒక్కపారి తమ్మీ, ఒక్కపారి ఒర్రి ఏడ్వనియ్యి."

"నువ్వు ఒర్రితే కష్టం అన్నకే" అన్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా శబ్దం ఆగలేదు. రెక్క పట్టి లోపలి అర్రలోకి తీసుకెళ్లి బయట గొళ్లెం పెట్టాను. పాడె లేచేటప్పుడు కూడా తీయలేదు. ఆఖరి చూపు ఆమెకు దక్కలేదు.

వచ్చినవాళ్లు పూలు పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. వెళ్తూ ఒకాయన నా చెయ్యి నొక్కాడు. "ఎంత హుందాగా జరిపించారండీ." నాకు గర్వంగా అనిపించింది. అది దాస్తే ఇక ఈ రాత ఎందుకు?

ఊళ్లో మాట వేరేగా పుట్టింది. డాక్టరే కోసి చంపి, అది బయటపడుతుందని ఏడవద్దన్నాడట అన్నారు. పక్కనున్న ఎంకపల్లి దాకా పాకింది. ఆదివారాలు రోగులు రావడం మానేశారు. ఆయన మాత్రం స్టెతస్కోప్ బల్ల మీద పెట్టుకుని పాఠం వేళ దాకా గేటు వైపు చూస్తూ కూర్చునేవారు. నేను ఆయన వెనక కూర్చునేవాణ్ని.

ఒక ఆదివారం వదినే వచ్చింది. గేటు దగ్గరే దుమ్మెత్తి ఆయన మీద పోసింది. "నా మొగని మీద పడి నన్ను ఏడ్వనియ్యకపోతివి గదరా! నీ పీనుగ మీద ఏడ్సేటోళ్లు లేకుండ పో!"

డాక్టరుగారు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన అటు తిరిగి, "ఇప్పుడు ఏడువమ్మా" అన్నారు.

"ఇప్పుడేడిస్తే మొగని ముఖం చూపిస్తవా?" అని ఆమె వెళ్లిపోయింది.

కారులో తిరిగి వస్తూ ఆయన ఒకే మాటన్నారు. "అది నేను చెప్తే చాడీ అవుతుంది. నువ్వే చెప్పాలి." ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. అడక్కపోవడమే నాకు సుఖంగా ఉండేది. అలాగే ఏళ్లు గడిపాను. ఆయన పోయేదాకా గడిపాను.

సభ అయిన మర్నాడు చేవెళ్ల వెళ్లాను. వదిన అక్కడ టిఫిన్ సెంటర్ నడుపుతోంది. గిరాకీ అయిపోయి పెనం గీకుతోంది. నన్ను చూసి చేతిలో పని ఆపలేదు.

"మీ డాక్టర్ సచ్చిండట గద" అంది. "ఏడ్సిన్రా ఎవలన్న?"

"నేను ఏడ్సిన వదినా."

"నిన్ను ఎవలు ఏడ్వనిచ్చిన్రు మరి?"

అక్కడే బండల మీద కూర్చున్నాను. "ఆయన నిన్ను ఏడ్వద్దనలే. నిన్ను ఏడ్వనియ్యమనే చెప్పిండు. కార్లల్ల వచ్చేటోళ్లు మన ఏడుపు చూస్తే నాకు నామోషి అని నేనే అబద్ధం చెప్పిన. గొళ్లెం పెట్టింది నేనే, నింద ఆయన మీద పెట్టింది నేనే. అన్న ముఖం నీకు దక్కకుండ చేసిన. తప్పు నాది వదినా. మాఫ్ చెయ్యమని అడగనీకి గూడ నాకు ముఖం లేదు. అయినా అడుగుతున్న."