పదోవంతు తప్పు

మా ఎదురింటి హిసాయో గారికి డెబ్బై దాటి చాలా కాలమైంది. నగానో కొండల్లోని మా ఊరికి బస్సు ఆపేశాక ఆవిడకి ఆ చిన్న తెల్ల కారే దిక్కు. ముల్లంగి అమ్ముకోవాలన్నా, వేడినీటి స్నానాలకి వెళ్లి నలుగురితో కబుర్లాడాలన్నా అదే. "నీ తప్పుతో ఒక్క ప్రమాదం జరిగినా లైసెన్సు తిరిగిచ్చెయ్యాలి" అని కొడుకు కత్సుహిరో ఎప్పుడో మాట తీసుకున్నాడు.

నవంబరులో సూపర్‌మార్కెట్ ముందు ఆవిడ కారు ఆపుకుని ఉండగా, ఒక పెద్దమనిషి తన కారు వెనక్కి తీస్తూ గుద్దేశాడు. ఈవిడేమో దిగీ దిగగానే నడుం వంచి, "అయ్యో, క్షమించండి, కంగారు పెట్టాను" అంది. అక్కడితో ఆగిందా? మర్నాడు మిఠాయి పెట్టె పట్టుకుని పరామర్శకి అతనింటికి వెళ్లింది. మాలో అది మర్యాద. అతను మాత్రం ఆవిడే తప్పు ఒప్పుకుందని బీమా వాళ్లకి చెప్పాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఆవిడ బీమా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"తప్పు పదింట తొమ్మిది వంతులు వాళ్లది, ఒక వంతు మీది. ఒప్పేసుకోండమ్మా."

"ఆగి ఉన్న కారుది తప్పేమిటి బాబూ?"

"మీ తప్పు అసలే లేదంటే మేం కట్టాల్సిందేమీ ఉండదు, అప్పుడు మీ తరఫున మాట్లాడటానికి మాకు చట్టం ఒప్పుకోదు. మీరే తేల్చుకోవాలి."

"బాగుంది వరస! తప్పు చేస్తేనే తోడొస్తారన్నమాట" అన్నాను నేను. ఆవిడ నవ్వలేదు.

ఆ చలికాలమంతా అవతలి కంపెనీతో ఒంటరిగా పోట్లాడింది. చెప్పిందే చెప్పింది. దుకాణం వాళ్లని బతిమాలి కెమెరాలో పడిన దృశ్యం పంపించింది. ఒకరోజు ఫోన్ పెట్టేసి, "ఇంక నావల్ల కాదు. ఆ ఒక్క వంతూ నెత్తిన వేసుకుంటే పోలా?" అంది.

"వేసుకుంటే కారు పోతుంది హిసాయో గారూ" అన్నాను. ఆవిడ మళ్లీ ఫోన్ అందుకుంది.

మంచు కరిగే రోజుల్లో వాళ్లు దిగొచ్చారు. తప్పంతా తమవాడిదే అన్నారు. ఆదివారం కత్సుహిరో వచ్చాడు. ఆవిడ టీ పోసి సంగతి చెప్పింది. అతను కప్పు ముట్టుకోలేదు.

"నీ తప్పు లేదని నాకు మొదటి రోజే తెలుసమ్మా. నా భయమంతా నీ వయసు గురించే. తాళం ఇచ్చెయ్."

ఆవిడకి కోపం కూడా రాలేదు. కోప్పడే ఓపిక ఆ ఫోన్లలోనే అయిపోయింది.

"తప్పు లేదని ఎలాగో రుజువు చేశానురా," అంది. "వయసు లేదని ఎవరికి రుజువు చెయ్యను?"