గొడుగు పట్టుకున్న ముసలామె

మొన్న మా ఊళ్లో ఫ్రెంచివాళ్లు కట్టుకున్న వైట్ టౌన్‌లో ఎవరో గోడకు పసుపు రంగు వేయిస్తున్నారు. ఆ వాసన తగలగానే నాలుక మీదికి సేమియా ఐస్ తీపి వచ్చింది.

నా చిన్నప్పుడు ఆ వీధిలోనే గోడలకు ఇట్లాగే పసుపు రంగు వేసి, పాతకాలపు ప్రేమకథ ఒకటి సినిమాగా తీశారు. పెళ్లికాని పిల్ల ఒంటరిగా గడప దాటకూడదని మా అవ్వ పట్టు. అందుకని పిన్ని రోజూ షూటింగ్ చూడ్డానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది.

"నీ కోసమే పాపా పోయేది" అనేది. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, చేతికి సేమియా ఐస్ ఇచ్చి, తను వెళ్లి లైట్‌మ్యాన్‌తో మాట్లాడుతూ నిలబడేది.

ఆ కథలో దొరసాని కూడా ఒంటరిగా రాదు. గొడుగు పట్టుకుని ఒక ముసలామె తోడు వస్తుంది. దొరసానిని ప్రేమించిన టోపీ దొర ముసలామె చేతిలో మిఠాయి పొట్లం పెడతాడు. ఆమె గోడవైపు తిరిగి తింటూంటే వాళ్లిద్దరూ చేతులు పట్టుకుంటారు. ఆ ముసలామెను చూస్తే నాకు ఒళ్లు మండేది.

"తిండికి ఆశపడి ఎట్లా తిరుక్కునిందో చూడు పిన్నీ!"

పిన్ని లైట్‌మ్యాన్ వైపే చూసేది.

షూటింగ్ వాళ్లు సర్దుకుని వెళ్లిపోయిన మర్నాడు కూడా చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాను.

"ఇంక యాడికి? నీతో నాకేంది పని? సుమ్మా, ఊరికే పోయి ఆడుకో" అంది పిన్ని. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నన్ను పిన్ని నమ్మించినట్టే పిన్నిని కూడా ఆ లైట్‌మ్యాన్ నమ్మించి వెళ్లిపోయాడని పెద్దయ్యాక అర్థమైంది. అయినా మొన్న ఆ గోడ ముందు పాత కోపమే వచ్చింది. ముసలామెకు ముందే చెప్పి ఆ వేషం వేయించారు. నాదీ అదే వేషం; నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.